కింద నిలబడి చూసిన డిసెంబరు

ముప్పై నాలుగేళ్లు
ఈ కాగితాలు నేను పైనుంచి విసిరాను.
మోంటెవిడియో పాతపట్నం, కరెంటాఫీసు మూడో అంతస్తు,
బిల్లుల విభాగం, ఎడమ నుంచి రెండో కిటికీ.
ఏడాది చివరి పనిదినాన
బల్లమీది క్యాలెండర్ని చించి చించి
వీధిలోకి వదిలేయడం మా ఊరి అలవాటు.
ఏడాది ఎలా ఎగురుతుందో చూసేవాళ్లం.
ఎలా దిగుతుందో
చూసే తీరిక లేకపోయింది.

ఈసారి కింద ఉన్నాను.
చంకలో వేణ్ణీళ్ల ఫ్లాస్కు,
చేతిలో మాతే ఆకు నింపిన సొరబుర్ర,
నెత్తిన డిసెంబరు ఎండ.
మాకు ఏడాది ఉక్కపోతతోనే ముగుస్తుంది.

రెండో కిటికీలో ఎవరో అమ్మాయి.
నా కుర్చీయే అయ్యుంటుంది.
దాని ముందు ఎడమకాలు పొట్టి,
కింద మడిచిన రసీదు పెట్టాలని
ఆమెకెవరైనా చెప్పారో లేదో.

మొదటి కాగితం భుజం మీద వాలింది: మార్చి ఏడు.
మార్చిలో ఎలీదా అక్కతో రివేరా వెళ్లాను.
బావ రానన్నాడు, కోళ్లకు మేతెవరు వేస్తారని.
ఆ ఊరి వీధుల పేర్లన్నీ నాకు కంఠస్థం,
బిల్లుల మీద నా చేత్తో కొట్టినవే.
చూస్తే ఒక్క వీధీ
నేననుకున్నంత వెడల్పు లేదు.
సరిహద్దంటే ముళ్లకంచె అనుకున్నా.
ఒక పార్కు. ఒక బెంచీ. ఐస్‌క్రీము బండి.
అక్క ఒక పాదం స్పానిష్‌లో, ఒక పాదం పోర్చుగీసులో పెట్టి
"ఏ మోకాలు నొప్పో చెప్పు చూద్దాం" అంది.
అవతలి దేశంలో ఒక దుప్పటి కొన్నాం, అవసరమేమీ లేదు.
తిరుగు బస్సులో అది కప్పుకుని తను నిద్రపోతే
నేను ఆవుల్ని లెక్కపెడుతూ కూచున్నా.
నాలుగు వందల పన్నెండు దగ్గర చీకటి పడింది.

తర్వాత రాలినవన్నీ ఖాళీ తేదీలు.
ఒకదాని మీద మాత్రం
"పళ్ల డాక్టరు, నాలుగింటికి."
ఎవరి పన్నో, ఊడిందో ఉందో.

మే నెల కోసం వెతికాను.
మేలో ఒక ఆదివారం ఓట్లు.
ఒమేరో బావా నేనూ ఒకే వరసలో నిలబడ్డాం.
ఆయన పార్టీ ఆయనది, నా పార్టీ నాది,
నలభై ఏళ్లుగా అంతే.
నా ఓటును ఆయన ఓటు, ఆయన ఓటును నా ఓటు
కొట్టేసుకున్నాక
ఇద్దరం కలిసి రొట్టె కొనుక్కుని ఇంటికొచ్చేవాళ్లం.
"ఇంట్లోనే ఉండిపోతే సరిపోయేది కదరా" అనేవాడు ప్రతిసారీ.
ప్రతిసారీ నాకన్నా ముందు తయారయ్యేవాడు.
నా పద్నాలుగో ఏట ఒక తెల్లవారి
రేడియోలో వార్తలకు బదులు కవాతు బాజాలు మోగాయి,
ఆ తర్వాత చాలా ఏళ్లు
నిలబడటానికి వరసే లేకపోయింది.
అందుకే వరస పొడుగుంటే మేమిద్దరం విసుక్కోం.

ఆగస్టులో బావ పోయాడు.
ఇక నా ఓటు చెక్కుచెదరకుండా లెక్కలోకొస్తుంది.
గెలిచానని అనుకుందామని చూశాను,
నోరు రాలేదు.

కోళ్లు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి.
పిలవకుండానే అయిదూ నలభైకి మెలకువొస్తుంది,
వాటికన్నా ముందు.
నెలనెలా నా కరెంటు బిల్లు
కళ్లద్దాలు తుడుచుకుని మరీ చదువుతాను.
ఒక్క తప్పూ దొరకదు.
కాస్త బాధగానే ఉంటుంది.

ఏదో మేడ మీంచి బకెట్టుడు నీళ్లు కుమ్మరించారు,
అదీ ఇక్కడి వేడుకే.
జూన్, జులై తడిసి రోడ్డుకు అతుక్కున్నాయి.
చీపురు పట్టుకున్న కుర్రాణ్ణి
"బరువేనా బాబూ?" అన్నాను.
"పొడివైతే ఏమీ ఉండవు.
తడిసినవే, గోళ్లతో గీకాలి" అన్నాడు.
ముప్పై నాలుగేళ్లలో
ఈ చీపురు నాకు ఒక్కసారీ తట్టలేదు.
వంగి ఓ నాలుగు తేదీలు గీకాను.
నడుం పట్టేసింది.

వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర కాపలావాడితో
మూడో అంతస్తు, రెండో కిటికీ, ముందు ఎడమకాలు,
మడిచిన రసీదు అని చెప్పాను.
"తమరెవరు?" అన్నాడు.

చెబుదామనే నోరు తెరిచాను.
బస్సొచ్చింది.